ఇరుసు మీది సుద్దగీత

రోడ్డుపక్క కాలవలోంచి లాగిన కారు ఇంటికి చేరాక వెండెల్ చేసిన మొదటి పని, ఒక అట్టపెట్టె విప్పి గరాజు నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరడం.

నేడీన్ తడి కోటుతో గుమ్మంలో నిలబడి ఉంది. మోకాలి దగ్గర పేంటు చిరిగింది. లోపల చర్మం కూడా చిరిగిందేమో ఆమె ఇంకా చూసుకోలేదు. కారు కింద టార్చిలైటు వెలుగు అటూ ఇటూ తిరిగి వెనక ఇరుసు దగ్గర ఆగింది.

"చెరగలేదులే," అన్నాడు వెండెల్, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు. "కొసన కాస్త బురద పడింది, అంతే."

అతను చెప్పేది సుద్దగీత సంగతి. ఆ షెవెల్ కారు తయారైన రోజున ఫ్యాక్టరీలో ఎవరో ఇన్‌స్పెక్టరు, ఇరుసు చూశానన్న గుర్తుగా, నడిచిపోతూ సుద్దముక్కతో ఒక గీత గీసి ఉంటాడు. ఆ గీత మొదటి వానకే కొట్టుకుపోయి ఉంటుంది. అర్ధశతాబ్దం దాటాక దాన్ని తిరిగి గీయడం వెండెల్‌కీ అతని పాతకార్ల క్లబ్బువాళ్ళకీ ఒక వ్రతమైపోయింది. ఆ ఇన్‌స్పెక్టరుది ఎడమచేతివాటమని పాత ఫోటోలు ముందేసుకుని తేల్చింది కూడా వాళ్ళే. అందుకని వెండెల్ ఒక చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అట్టముక్కల మీద ఎడమచేత్తో నిర్లక్ష్యంగా గీయడం ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నాడు. నేడీన్ అతని మోచేతి పక్కనే బంగాళాదుంపలు తరుక్కునేది.

"నాకేం కాలేదు," అంది నేడీన్.

"ఆఁ?"

"నాకేం కాలేదన్నాను. అడుగుతావేమోనని."

"నిలబడే ఉన్నావుగా." అతను కారు కిందనుంచి తల బయటపెట్టి చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి జారి ఉంది. "అసలు దీన్ని వానలో బయటికి తియ్యమని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. కారు ఆమెది. తండ్రి పోతూ పోతూ కూతురికిచ్చిన కారు. రోజూ తిరిగే చిన్న కారు ఆ ఉదయం కదలనంటే, పళ్ళ డాక్టరు క్లినిక్ తలుపులు తియ్యాల్సిన మనిషి కాబట్టి, షెవెల్ మీది దుప్పటి తీసి బయల్దేరింది. జొన్నచేల మధ్య రోడ్డు మీద ముందు స్కూలు బస్సు ఆగి, ఎర్ర దీపాలు వేసింది. నేడీన్ బ్రేకు తొక్కింది. ఎడమ వెనక చక్రం పట్టింది, కుడిది పట్టలేదు. కారు తోక తిప్పి, బస్సు పక్కనుంచి పక్కవాటుగా జారిపోయి కాలవలో దిగింది. బస్సు దిగబోతున్న పిల్ల ఒకతి ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో పెట్టి అలాగే నిలబడి చూసింది. ఆ గాల్లో కాలు నేడీన్‌కి మర్నాటిదాకా కళ్ళముందునుంచి పోలేదు.

మర్నాడు ఉదయం కాఫీ దగ్గర ఆమె అడిగింది. "బ్రేకులు మార్పిద్దాం."

"మారుద్దాం. క్లబ్బువాళ్ళ పాతకార్ల పోటీ కానీ."

"పోటీ తర్వాత ఇంకో పోటీ ఉంటుంది నీకు."

వెండెల్ రొట్టె మీద వెన్న చివరంటా సమంగా రాస్తూ, మొండి గిరాకీకి ఇన్సూరెన్సు పాలసీ అర్థమయ్యేలా చెప్పే గొంతు పెట్టాడు. అతను చేసే పని అదే. "చూడు నేడీన్. అది పుట్టినప్పటి ఇరుసు. పుట్టినప్పటి డ్రమ్ము బ్రేకులు. ఫ్యాక్టరీలో కొట్టిన నంబరుతో సహా. అందుకే దానికి ఆ మర్యాద. డిస్కు బ్రేకులు వేశామంటే అది ఇంక ఉత్త పాత కారు."

"ఆగే పాత కారు."

"వానలో నడపకపోతే బాగానే ఆగుతుంది."

"నడపకపోతే అన్నీ బాగానే ఆగుతాయి వెండెల్."

అతను నవ్వాడు. భార్య మాటకారితనం అతనికి నచ్చుతుంది, ఏమీ చెయ్యక్కర్లేనంతసేపూ. "ఈసారి న్యాయనిర్ణేతని నేను. నా ఇంటి కారే అలా నిలబెడితే, ఎమెట్ లూమిస్‌లాగా నేనూ తలొంచుకుని ఇంటికి పోవాలి. అదేనా నీకు కావలసింది?"

ఎమెట్ సంగతి నేడీన్ కళ్ళారా చూసింది. కిందటి వేసవి పోటీలో, ఫెయిర్‌గ్రౌండ్ గడ్డిలో. ఎమెట్ కారు ఇరుసు మీది నంబర్లో తొమ్మిది కాస్త వంకరగా ఉందని, అది ఫ్యాక్టరీలో కొట్టింది కాదని, వెండెల్ అందరినీ వంగోబెట్టి టార్చిలైటు వేసి మరీ చూపించాడు. డెబ్బై దాటిన మనిషి. తలొంచుకుని కారుని ట్రైలరు మీదికెక్కించుకున్నాడు. అతని భార్య ఫెర్న్ ఇంకా ఎవరూ కొయ్యని చెర్రీపళ్ళ 'పై' పళ్ళెం మీద మళ్ళీ రేకు మూత బిగించి, మడతకుర్చీలు మడిచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా వెండెల్ హుషారుగా ఉన్నాడు. అప్పుడు నేడీన్ అనుకుంది, వీడు మూర్ఖుడు, కానీ నమ్మి చేస్తున్నాడు, అని. ఆ ఒక్క మాట మీద ఆమె చాలా ఏళ్ళు కాపురం నెట్టుకొచ్చింది.

వెండెల్ ఆఫీసుకి వెళ్ళాక ఆమె క్లినిక్‌కి సెలవు చెప్పి, కారు లాక్కెళ్ళమని మెకానిక్ లానీకి ఫోను చేసింది.

*

లానీ టీగ్ షెడ్డు ధాన్యం గోదాముల వెనక ఉంటుంది. ట్రాక్టర్లూ, గడ్డి కోసే యంత్రాలూ, లారీలూ ఎక్కువ బాగుచేస్తాడు. ముఖం చూస్తే ఎవరో ఇప్పుడే నిద్ర లేపినట్టుంటుంది. కారుని లిఫ్టు మీదికెక్కించి, కుడి వెనక డ్రమ్ము ఊడదీసి, లోపలికి ఒకసారి చూసి, పక్కకి జరిగాడు.

"చూడండి."

బ్రేకు షూ నల్లగా, తడిగా మెరుస్తోంది. లానీ వేలితో తుడిచి ఆమెకి చూపించాడు. నూనె.

"ఇరుసు లోపలి నూనె కారి షూ మీద పడుతోంది. ఇంక అదేం పడుతుంది. సీలు మార్చినా లాభం లేదు. బేరింగు తిరిగేచోట షాఫ్టు అరిగిపోయి గాడి పడింది. ఇవాళ్టిది కాదు."

"ఆయన చూసుండడా?"

"ఎందుకు చూడడు. కడిగిన గుర్తులున్నాయిగా. కారడం, కడగడం." లానీ డ్రమ్ము నేల మీద పెట్టాడు. "కొత్త షాఫ్టు వేస్తే దాని మీద పాత తేదీ ఉండదు. పోటీలో మార్కులు పోతాయి. సుద్దగాళ్ళ సంగతి తెలిసిందేగా. ఏమనుకోకండి, మీ ఆయన్ని అన్నానని."

"ఏమనుకోను."

"మరి ఏం చెయ్యమంటారు?"

"వెనక ఇరుసు మొత్తం తీసెయ్. గట్టిది ఇంకోటి వెయ్. నాలుగు చక్రాలకీ డిస్కులు వెయ్."

లానీ మెడ వెనక గోక్కున్నాడు. "కారు మీ పేరునే ఉందా?"

"నా పేరునే ఉంది."

"అయితే సరే."

సామాను తెప్పించే పని లానీ చూశాడు. పగలంతా నేడీన్ షెడ్డు వదల్లేదు. తను ఇంటికెళ్తే వెండెల్ ఫోను చేసి, నెమ్మదిగా, నవ్వుతూ, లానీ చేతే పాత ఇరుసు మళ్ళీ బిగింపిస్తాడని ఆమెకి తెలుసు. ఊరికే కూర్చున్న మనిషి లానీకి నచ్చదు. ఒక బకెట్టూ బ్రష్షూ ఇచ్చాడు. స్ప్రింగులూ, కడ్డీలూ, బోల్టులూ అన్నీ కిరసనాయిలుతో కడిగి, ఎక్కడివక్కడ గుర్తుగా గుడ్డ మీద పేర్చింది. మధ్యాహ్నం ఇద్దరూ పందిమాంసం హేము పెట్టిన రొట్టెలు తిన్నారు. పుట్టినప్పటి ఇరుసు చెక్కల మీద పడుకుని ఉంది, రెండు చేతులూ చాచుకున్న మనిషిలా.

సాయంత్రం వెండెల్ వచ్చాడు. ఖాళీ గరాజు చూసి నేరుగా అక్కడికే వచ్చాడు. అరవలేదు. అరిచే మనిషి కాదు. ఇరుసు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దగీత ఉన్న చోట అరచెయ్యి అడ్డంపెట్టి, "దీన్ని కడక్కండి," అన్నాడు లానీతో. "ఎవరూ ముట్టుకోకండి. రేపు పికప్ తెచ్చుకుని పట్టికెళ్తాను. దుప్పటి కూడా తెస్తాను."

"చలేస్తుందా దానికి," అన్నాడు లానీ.

వెండెల్ ఆ మాట విననట్టే లేచి, భార్య వైపు తిరిగాడు. "సరే. నీ సరదా కానీ. పోటీ రోజుకి మాత్రం పాతది మళ్ళీ బిగించేద్దాం. మర్నాడే నీ కొత్తది వేసుకో. ఒక్కరోజు. ఆ మాత్రం చెయ్యలేవా నాకోసం?"

అది వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. అతని నేర్పంతా అక్కడే ఉంది. తనే పోయి గుద్దినా సరే, తప్పు ఎదుటివాడి దగ్గర సగం పెట్టి, మిగతా సగం దయతో తను తీసుకున్నట్టు కనబడతాడు.

*

మర్నాడు ఆమె పొద్దున్నే వచ్చి, ముట్టుకోవద్దన్నది ముట్టుకుంది.

కోపంతోనే మొదలుపెట్టింది. కిరసనాయిలు గుడ్డ ఒక్క తుడుపు తుడిచేసరికి, చలికాలమంతా అభ్యాసం చేసిన ఎడమచేతి గీత బకెట్టులో కలిసింది. ఇనుము మీది నల్ల పెయింటు కూడా అక్కడక్కడ లేచింది. నంబరు కొట్టిన చోట ఇంకాస్త గట్టిగా రుద్దింది. ఆ అంకెల అడుగున ఇనుము మిగతాచోటులా లేదు. ఆకురాయి పెట్టి అరగదీసినట్టు సన్నని గీతలు. వాటి మధ్య, సగం చచ్చిన ఇంకో అక్షరం.

"లానీ."

అతను వచ్చి వంగి చూశాడు. తర్వాత జేబులోంచి పొగాకు తీసి దవడలో పెట్టుకున్నాడు.

"ఇది వేరే కారుది. పాత నంబరు అరగదీసి మీ కారు నంబరు కొట్టారు. బాగా కొట్టారు, మాటకి చెప్పాలంటే. తిన్నగా పడింది."

నేడీన్ చేతిలో గుడ్డ మడిచి, మళ్ళీ మడిచింది. ఆమెకి కోపం రాలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్న కుర్చీకి ఒక కాలు లేదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎన్నాళ్ళనుంచి దీని మీద కూర్చుంటున్నాను, ఎలా కూర్చున్నాను, అనిపించింది. మూర్ఖుడు కాడు. నూనె కారుతోందని తెలిసే కడిగాడు, తన నంబరు దొంగదని తెలిసే ఎమెట్ నంబరు మీద టార్చిలైటు వేశాడు. మూర్ఖుడే నయం అనుకుంది.

వెండెల్ మధ్యాహ్నం దుప్పటితో వచ్చాడు. ముందు గీత లేకపోవడం చూశాడు, తర్వాత భార్య ముఖం చూశాడు. లానీ తనకి బయట ఏదో పనున్నట్టు వెళ్ళిపోయాడు.

"అసలుది ఏమైంది?" అంది నేడీన్.

వెండెల్ దుప్పటి బెంచీ మీద పెట్టాడు. "నాకేం తెలుసు. మీ నాన్న ఎప్పుడో విరగ్గొట్టి, పాతసామాను కొట్లోంచి దొరికిందేదో తెచ్చి వేసుకున్నాడు. ఆయనకి అదంతా ఏం పట్టింది. కారు మనింటికొచ్చేసరికే ఇది ఉంది."

"నంబరు నువ్వు కొట్టావు."

"అందరూ కొడతారు నేడీన్."

"ఎమెట్ కొడితే పదిమందికీ చూపించావు."

"అతను వంకరగా కొట్టాడు." ఆ మాట వెండెల్ నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది విన్నాక అతనికే కాస్త ఇబ్బందిగా అనిపించినట్టుంది. గొంతు తగ్గించాడు. "ఇది క్లబ్బులో తెలిస్తే నన్ను ఉంచరు. నువ్వు చెప్పవు కదా?"

అతను ఆమెని ఏదైనా నిజంగా అడగడం చాలా కాలం తర్వాత అదే. నేడీన్ అతని ముఖంలోకి చూసింది, జాలి వస్తుందేమోనని ఒక క్షణం ఆగింది. రాలేదు.

"నేను చెప్పను. కొత్త ఇరుసు ఉంటుంది. పోటీ రోజునా ఉంటుంది, తర్వాతా ఉంటుంది. కారు నేను నడుపుతాను. ఇంకోటి. ఎమెట్ ఇంటికెళ్ళి నువ్వు చేసింది నీ నోటితో చెప్పాలి."

"ఎందుకు? అతనికేం ఒరుగుతుంది?"

"ఏమీ ఒరగదు. వెళ్ళి చెప్పు."

వెండెల్ ఇరుసు వంక చూశాడు. దాని మీద దుప్పటి కప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

*

కొత్త ఇరుసు వచ్చింది. లానీ దాని లోపలి క్రౌను చక్రం పళ్ళకి పసుపురంగు ముద్ద పూసి, నేడీన్ చేత నెమ్మదిగా తిప్పించాడు. పళ్ళూ పళ్ళూ ఒరుసుకున్నచోట రంగు పోయి మచ్చ పడింది. మచ్చ పంటి కొసకి పోయిందని విప్పి, మధ్యలో పల్చటి రేకు మార్చి, మళ్ళీ పూసి, మళ్ళీ తిప్పించాడు. మచ్చ పంటి నడుమకొచ్చాకే మూత వేశాడు. ఇద్దరూ కలిసి ఇరుసుని కారు కిందికి తోసి, జాకీతో లేపారు. బోల్టులు బిగించే పని ఆమె చేసింది. చివరి బిగింపు మాత్రం లానీ పొడుగు స్పానరుతో తను చేశాడు. బ్రేకు నూనె పారే రాగిరంగు గొట్టాలు మోకాలి మీద వంచి, కొసలు వెడల్పు చేసి, చక్రం చక్రానికీ లాగాడు.

ఇక గొట్టాల్లో గాలి తీసే పని. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పి గాలి వదలాలి. పెళ్ళైనప్పటినుంచీ తొక్కడం నేడీన్ వంతు. కూర పొయ్యి మీద ఉన్నా, అతిథులు వచ్చి ఉన్నా, "నేడీన్, ఒక్క నిమిషం" అని గరాజులోంచి పిలుపు వచ్చేది.

శనివారం ఉదయం, పాత ఇరుసు పట్టుకెళ్ళడానికి పికప్ తెచ్చిన వెండెల్‌ని చూసి లానీ, "వచ్చారుగా, ఎక్కి కూర్చోండి," అన్నాడు.

వెండెల్ ఎక్కాడు. నేడీన్ కుడి వెనక చక్రం దగ్గర చతికిలబడి, మరకి చిన్న రబ్బరు గొట్టం తగిలించి, దాని కొస సీసాలో ముంచింది.

"తొక్కు."

తొక్కాడు.

"మళ్ళీ. మళ్ళీ. ఇప్పుడు పట్టుకో."

"పట్టుకున్నాను."

మర విప్పింది. సీసాలో బుడగలు బుసబుసా లేచాయి. మర బిగించింది. "వదులు."

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు వెండెల్ లోపలినుంచి. "కాలు లాగేస్తోంది."

"లాగుతుంది," అంది నేడీన్. "తొక్కు."

నాలుగు చక్రాలూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆమె షెడ్డు వెనక ఖాళీ రోడ్డు మీద కారు నడిపి చూసింది. తొక్కింది. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. తోక కదల్లేదు. మోకాలి గాయం మీద పట్టీ మాత్రం ఊడి వచ్చింది. తిరిగొచ్చి వెండెల్ వైపు తలుపు తెరిచింది.

"ఎక్కు. ఎమెట్ ఇంట్లోనే ఉంటాడు."

దారంతా వెండెల్ టోపీ ఒళ్ళో పెట్టుకుని, అంచు వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. నేడీన్ అతన్ని ఒకటి రెండుసార్లు ఓరగా చూసింది. మనిషి కాస్త చిన్నవాడైనట్టు కనబడ్డాడు. ఇలాంటిదొకటి ఎప్పుడో జరిగి ఉంటే మా కాపురం ఇంకోలా ఉండేదేమో అని కూడా అనుకుంది. ఆ ఆశకి ఆమెకే సిగ్గేసింది.

ఎమెట్ ఇంటిముందు కంకరలో కారు ఆపింది. ఎమెట్ వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వెండెల్ దిగి, టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళాడు. నేడీన్ దిగలేదు. అద్దంలోంచి చూసింది. వెండెల్ పెదవులు కదిలాయి. చెయ్యి ఒకసారి గుండె దాకా వెళ్ళి కిందికి దిగింది. ఎమెట్ వింటూ వింటూ గడ్డం పట్టుకున్నాడు.

ఎమెట్ తొడ మీద ఫెడీమని చరుచుకుని నవ్వాడు.

వెండెల్ భుజం మీద చెయ్యి వేసి, నడిపించుకుంటూ తీసుకెళ్ళి గరాజు తలుపు పైకెత్తాడు. అట్టముక్కలు నేల మీద పడ్డాయి. కాసేపటికి ఎమెట్ కారు కిందనుంచి రెండు జతల బూట్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి, వేళ్ళు ఆకాశం వైపు. వెండెల్ గొంతు కంకర దాటి వినబడింది.

"ఇదిగో, ఇక్కడ. సుత్తి రెండుసార్లు వేశావు. ఒక్క దెబ్బకే దిగాలి."

"కింద ఏం ఆనించావు నువ్వు?"

"రైలు పట్టా ముక్క."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ. నేను చెక్క ఆనించాను."

అడుగున ఇద్దరూ నవ్వారు. వెండెల్ అంత మనసారా నవ్వడం నేడీన్ ఈమధ్య వినలేదు.

వంటింటి తలుపు తెరుచుకుని ఫెర్న్ బయటికొచ్చింది. చేతిలో పళ్ళాలు తుడిచే గుడ్డ, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. గరాజు వైపు ఒకసారి చూసి, కారు దగ్గరికి వచ్చి కిటికీ మీద చెయ్యి వేసింది.

"మీ ఆయన ఎందుకొచ్చాడు?"

"తప్పు ఒప్పుకోవడానికి."

ఫెర్న్ బూట్ల వైపు చూసింది. "ఒప్పుకున్నాడా?"

"పాఠం చెప్తున్నాడు."

ఫెర్న్ తల ఊపింది. ఆశ్చర్యపడ్డట్టు లేదు. "ఆ రోజు ఇంటికొచ్చాక వారం రోజులు అన్నం సరిగా తినలేదు ఈయన. అవమానమేమో అనుకుని నేను పక్కన కూర్చుని చెయ్యి నిమిరాను. తొమ్మిది ఎందుకు వంకరపోయిందా అని ఆలోచిస్తున్నాడు తల్లీ, తర్వాత తెలిసింది." గుడ్డ భుజం మీద వేసుకుని కారు లోపలికి తొంగిచూసింది. "ఇది రోడ్డెక్కిందేమిటి? మా లూమిస్‌వారి కారులో నన్ను ఇంతవరకు కూర్చోనివ్వలేదు. సీటు నలుగుతుందిట."

"ఎక్కండి."

"వంట పొయ్యి మీద ఉంది."

నేడీన్ చెయ్యి చాచి అవతలి తలుపు తెరిచింది. ఫెర్న్ గరాజు వైపు ఇంకోసారి చూసి, వరండా దాకా వెళ్ళి, తలుపులోంచి చెయ్యి పెట్టి పొయ్యి ఆర్పి వచ్చి, ఎక్కి కూర్చుంది. కంకర మీద చక్రాలు గట్టిగానే చప్పుడు చేశాయి. బూట్లు కదల్లేదు.

చేల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. నేడీన్ వేగం పెంచింది. ఫెర్న్ ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుంది.

"ఇది ఆగుతుందా?"

నేడీన్ బ్రేకు తొక్కింది. ఇద్దరూ ఒక్కసారిగా ముందుకి వంగి, బెల్టులు లాగితే వెనక్కి పడ్డారు. కారు రోడ్డు నడుమ తిన్నగా నిలబడింది. ఇంజిను మెల్లగా గురగురమంటోంది. ఫెర్న్ కాలిచెప్పు ఒకటి ఊడి ముందుకు వెళ్ళిపోయింది. ఆమె వంగి దాన్ని తీసుకుని, తొడుక్కోకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకోసారి ఆపు," అంది.